రంగం ఓడ, మా పెరట్లోని బుల్లి ఇంజిను

యానాం, కోరంగి, తాళ్ళరేవు, కాకినాడ వైపు పాత కుటుంబాల్లో "రంగం వెళ్ళారు" అన్న మాట వినని ఇల్లు తక్కువ. రంగం అంటే రంగూన్. ఎందుకు వెళ్ళారంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: కరువు, అప్పులు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, అక్కడి బియ్యం మిల్లుల్లో పని. అన్నీ నిజాలే. కానీ అన్ని వేలమంది కూలివాళ్ళు ఏటా బంగాళాఖాతం దాటి వెళ్ళి రావడం ఎలా కుదిరిందని ఎవరూ అడగరు. ఓడ ఉంది, ఎక్కారు, అంతే అనుకుంటాం.

మా బాబాయి అడిగారు. బతుకంతా లేతు మీద పనిచేసిన మనిషి. రిటైరయ్యాక పెరటి షెడ్డులో రెండేళ్ళుగా ఓ కాంపౌండ్ ఆవిరి ఇంజిను నమూనా చేస్తున్నారు. ఆయన చెప్పినదీ, నేను చదివినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు తెరచాప ఓడల కాలం. కోరంగి ఓడలు గాలిని బట్టి బయల్దేరి, మళ్ళీ గాలి తిరిగాకే వెనక్కి వచ్చేవి. బర్మాలో తెలుగువాళ్ళందరికీ "కోరంగీలు" అన్న పేరు పడింది ఈ రేవు వల్లే. 1839 నవంబరు తుఫాను కోరంగిని దెబ్బతీసింది. రేవు కూడా పూడిపోతూ వచ్చింది, వ్యాపారం కాకినాడకి మళ్ళింది. 1852 యుద్ధంతో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1856లో కలకత్తా-రంగూన్ టపా మోయడానికి ఒక స్టీమరు కంపెనీ పుట్టి, 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అని పేరు మార్చుకుంది. మనవాళ్ళు ఎక్కినవి ముఖ్యంగా ఈ కంపెనీ ఓడలే.

అయితే తొలినాటి స్టీమర్లకి ఒకే జబ్బు, బొగ్గు. సరుకు పెట్టాల్సిన చోటంతా బొగ్గే తినేసేది. టపాకీ దొరలకీ సరిపోతుంది గానీ, చవక టిక్కెట్టు మీద కూలీని ఎక్కించుకుంటే గిట్టుబాటు కాదు.

ఇంత బొగ్గు ఎందుకు పట్టేదో బాబాయి షెడ్డులో నిలబడితే తేలిగ్గా అర్థమవుతుంది. ఒకే సిలిండరున్న ఇంజినులో మండుతున్న ఆవిరి లోపలికొచ్చి పిస్టన్ని తోసి, వ్యాకోచించి, చల్లబడి బయటికి పోతుంది. దాంతో సిలిండరు గోడలూ చల్లబడతాయి. మళ్ళీ వచ్చే కొత్త ఆవిరిలో కొంత ఆ చల్లటి గోడలకి తగిలి నీళ్ళైపోతుంది. అంటే బొగ్గు కాల్చి పుట్టించిన ఆవిరి పని చెయ్యకుండానే వృథా. అదే వ్యాకోచాన్ని రెండు సిలిండర్లకి పంచితే, మొదట చిన్నదాంట్లో, అక్కణ్ణుంచి వచ్చిన ఆవిరే మళ్ళీ పెద్దదాంట్లో, ఏ సిలిండరూ అంత వేడికీ అంత చలికీ మధ్య ఊగిసలాడదు. కాంపౌండ్ అంటే ఇంతే.

ఈ ఆలోచనకి జోనథన్ హార్న్‌బ్లోయర్ 1781లోనే పేటెంటు తీసుకున్నాడు. కానీ విడి కండెన్సరు మీద జేమ్స్ వాట్ పేటెంటు 1800 దాకా అడ్డం నిలిచింది. (వాట్‌ని బళ్ళో మనకి ఎంత గొప్పగా చెప్పారో! పాతికేళ్ళపాటు ఇతరుల దారి మూసిన సంగతి మాత్రం చెప్పలేదు.) 1804లో ఆర్థర్ వూల్ఫ్ దాన్ని మళ్ళీ పట్టుకున్నాడు. సముద్రం మీదికి తెచ్చింది గ్లాస్గోలో జాన్ ఎల్డర్, 1854లో "బ్రాండన్" అనే ఓడతో. బొగ్గు ఖర్చు మూడో వంతు దాకా తగ్గింది. 1866లో ఆల్ఫ్రెడ్ హోల్ట్ ఓడ "అగమెమ్నన్" లివర్‌పూల్‌లో బయల్దేరి దారిలో ఎక్కడా బొగ్గు ఎక్కించుకోకుండా మారిషస్ చేరింది. సుమారు 8,500 మైళ్ళు! 1870ల్లో కట్టిన ఓడల్లో కాంపౌండ్ ఇంజినే మామూలైపోయింది. ఆ తర్వాత మూడు సిలిండర్లవి వచ్చాయి.

ఇక షెడ్డులో సంగతి. చిన్న సిలిండరు బోరు 20 మిల్లీమీటర్లు, పెద్దది 34, రెండింటికీ స్ట్రోకు 25. 34ని 20తో భాగించి వర్గం చేస్తే 2.89, అంటే పెద్దది దగ్గర దగ్గర మూడింతలు. గన్‌మెటల్ పోతలు తెప్పించి, సిలిండర్లని క్రాస్‌స్లైడు మీద బిగించి, రెండు సెంటర్ల మధ్య బోరింగ్ బార్ తిప్పుతూ లోపల కోశారు. వాల్వు కూర్చునే ముఖాన్ని గాజు పలక మీద ఎమరీ పేపరు పరిచి చేత్తో రుద్దారు. దానికే మూడు సాయంత్రాలు పట్టింది. క్రాంకులు రెండూ ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉండాలి. అయినా చిన్న సిలిండరు పిస్టన్ సరిగ్గా చివర ఆగితే ఇంజిను కదలదు. అందుకే బాయిలరు ఆవిరిని నేరుగా పెద్దదాంట్లోకి వదిలే ఒక చిన్న వాల్వు కూడా పెట్టారు. పెద్ద ఓడల్లోనూ ఇలాంటిది ఉండేదట.

కంప్రెసరు గాలితో తిప్పితే తిరిగింది గానీ ఈడ్చుకుంటూ. తక్కువ ఒత్తిడి గాలిలో బలమంతా చిన్న సిలిండరులోనే అయిపోతుంది, పెద్దది సాయం చెయ్యకపోగా బరువవుతుంది. ఆవిరి పెట్టినప్పుడు ఇంకో చిక్కు. కొలతలన్నీ సగం చేస్తే ఘనపరిమాణం ఎనిమిదో వంతుకి పడుతుంది, గోడల వైశాల్యం మాత్రం నాలుగో వంతుకే. అంటే చిన్న ఇంజినులో వేడిని తాగేసే గోడ వాటా పెరుగుతుంది. కాంపౌండ్‌తో ఓడకి దక్కిన లాభం నమూనాకి దక్కదు. "మరెందుకు బాబాయ్ ఇంత శ్రమ?" అన్నాను. "లాభం ఎక్కడ పుట్టిందో చేత్తో తెలుసుకోడానికిరా" అన్నారు.

లాభం ఎవరికి పుట్టిందన్నది వేరే లెక్క. బొగ్గు తగ్గింది, చోటు మిగిలింది, ఆ చోట్లో డెక్కు మీద మనవాళ్ళు కూర్చున్నారు. అప్పట్లో కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేకపోయేవి, పడవల్లో తీసుకెళ్ళి ఎక్కించాల్సి వచ్చేది. ఓడ వారాల లెక్కన వచ్చిపోతుంటే మేస్త్రీకి కూలీల్ని చేర్చడం సులువైంది. అడ్వాన్సు అప్పు మాత్రం ఏ ఇంజినూ తగ్గించలేదు. డెక్కు కింద బాయిలరు గదుల్లో బొగ్గు ఎగదోసినవాళ్ళు, కలకత్తా నుంచి నడిచే ఓడల్లో చాలామంది సిల్హెట్ వైపు వాళ్ళు. పైన మనవాళ్ళు, కింద వాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారో లేదో.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మావాళ్ళకీ మధ్య గొడవలు జరిగి చాలామంది పోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరకనివాళ్ళు 1942లో కొండలు, అడవులు దాటి నడిచొచ్చారు. మా పెద్ద తాతయ్య అలా బయల్దేరినవాళ్ళలో ఒకరు. ఇల్లు చేరలేదు. ఏ రోజు పోయారో తెలీదు కాబట్టి మా ఇంట్లో ఆయన తద్దినం మహాలయ అమావాస్యకే పెడతారు.

బాబాయి ఇప్పుడు కండెన్సరు మొదలుపెట్టారు. వాడిన ఆవిరిని మంచినీళ్ళుగా మార్చి మళ్ళీ బాయిలరుకి పంపే గొట్టాల పెట్టె అది. అది లేకపోతే బాయిలర్లో సముద్రపు నీళ్ళే పొయ్యాలి, ఉప్పు పేరుకుంటుంది, ఒత్తిడి పెంచడానికి వీల్లేదు. సన్నటి ఇత్తడి గొట్టాలు కావాలిట. మీ ఇళ్ళల్లో రంగం టిక్కెట్టు ముక్కలు, ఓడ పేరున్న ఉత్తరాలు ఏవైనా ఉంటే రాయండి. ఆయన ఇంజినుకి ఇంకా పేరు పెట్టలేదు, పెద్ద తాతయ్య ఎక్కిన ఓడ ఏదో తెలిస్తే ఆ పేరే పెడతామంటున్నారు.