రాయి కంటే ముందు కత్తి

ఆదివారం పొద్దున్నే మీరు మాంసం కొట్టు ముందు వరసలో నిలబడ్డారు. హైదరాబాద్‌లో ఎనిమిది దాటితే మంచి తొడ మిగలదు. అందుకే ఏడింటికే వరస మూల తిరిగింది. ముందున్నవాళ్లకి కూర ముక్కలు, బిర్యానీ ముక్కలు, కీమా చకచకా కొట్టిస్తున్నారు. చింతమొద్దు మీద కత్తి దెబ్బల చప్పుడు ఆగడం లేదు. కొక్కేలకు వేలాడుతున్న పొట్టేళ్లను ఈలోగా చూసుకోండి. మాంసం లేత ఎరుపులో, కొవ్వు తెల్లగా ఉన్నది లేతది. మాంసం ముదురు రంగుకు తిరిగి, కొవ్వు పసుపుపచ్చగా కనబడితే అది కూరకి పనికొస్తుంది గాని మనకి వద్దు.

మీ వంతు వచ్చింది.

"అన్నా, వెనక తొడ కిలో ఇయ్యి, బొక్క లేకుండ. పసందాలు కొట్టాలె."

"కూరకా, రాయి మీదికా?"

"రాయి మీదికే."

ఆ మాట వినగానే ఆయన బరువు కత్తి పక్కన పెట్టి, సన్నటి పొడుగు కత్తి అందుకున్నాడు. కొంచెం దగ్గరికి జరగండి. ఇప్పుడు చూడాల్సింది కత్తిని కాదు, ఆయన ఎడమచేతి బొటనవేలిని. తొడ కండని ఆ వేలితో నిమురుతూ పోగులు ఎటు పరుచుకున్నాయో పట్టుకుంటున్నాడు. దొరికాయి. కండని అడ్డంగా తిప్పాడు. ఇప్పుడు కత్తి పోగుల వెంట నడవదు, పోగులకి అడ్డంగా దిగుతుంది. పావంగుళం మందాన ఒక్కో పొర, అంటే ఒక్కో పసందా, విడివడి మొద్దు మీద వాలుతోంది.

నా లెక్కలో ఈ వంటంతటికీ కీలకమైన పని ఇదే. కండంటే పొడుగాటి పోగుల కట్ట. నిలువునా కోస్తే మూడంగుళాల పోగు మూడంగుళాలుగానే నోట్లోకి వస్తుంది, దవడలు నొప్పి పుడతాయి. అడ్డంగా కోస్తే ఆ పోగు పావంగుళం తునకలైపోతుంది. పంటికి ఇక తెంపే పని ఉండదు, విడదీస్తే చాలు. మెత్తదనంలో సగం ఇక్కడే, పొయ్యి వెలిగించకముందే తేలిపోతుంది. కాగిన రాతి పలక మీద కాల్చే ఈ పత్తర్ కా గోష్త్ గట్టిగా వచ్చిందని రాయిని, బొగ్గుల్ని తిట్టుకునేవాళ్లు చాలామంది అసలు కోత దగ్గరే దెబ్బతిన్నారు.

ఆయన ఒక ముక్కని వెలుతురుకి ఎత్తి చూపించాడు. ఉదయపు ఎండ దాని గుండా గులాబీ రంగులో దిగుతోంది. అడ్డంగా తెగిన పోగుల చివర్లు సన్నటి చుక్కల్లా కనబడుతున్నాయి. ఒక అంచున వెండి రంగులో మెరుస్తూ పల్చటి పొర ఉంది చూశారా? దాన్ని వదలకూడదు. దానికి ఎంత నానబెట్టినా లొంగే గుణం లేదు. వేడి తగలగానే ముడుచుకుపోయి ముక్కనంతా గిన్నెలా వంచేస్తుంది, అప్పుడు ముక్క నడుమ రాయికి ఆనదు. అందుకే కత్తి మొనని పొర కిందికి జొనిపి, పొరని గోళ్లతో పట్టుకుని, ఒక్క లాగుతో తీసేశాడు. తర్వాత ముక్కల్ని మొద్దు మీద పరిచి, కత్తి వెనకవైపుతో టకటకా గళ్లుగళ్లుగా కొట్టాడు. ముక్క తెగలేదు, అరచేతి వెడల్పుకి సాగింది.

ఇంటికి రండి. వంటగదిలో మా కింది వాటా ఖాలా అప్పటికే పచ్చి బొప్పాయి ముందేసుకుని కూర్చుంది. ఆమె ఉన్నప్పుడు నానబెట్టే పని ఇంకెవరూ ముట్టుకోరు.

బొప్పాయి తొక్క మీద ఆమె కత్తితో గీత పెట్టగానే తెల్లటి పాలు చుక్కలుగా ఊరాయి. మనక్కావలసింది ఆ పాలే. మాంసకృత్తుల్ని తెంపే పపైన్ అనే ఎంజైమ్ అందులో ఉంటుంది. కాయ పండే కొద్దీ పాలు తగ్గిపోతాయి. అందుకే కాయ ఆకుపచ్చగా, గోరు దిగనంత గట్టిగా ఉండాలి. తొక్కతో సహా రోట్లో నూరుతుంది ఖాలా. కిలోకి రెండు పెద్ద చెంచాలు, అంతే. మూడో చెంచా వేయబోతే చెయ్యి పట్టుకుంటుంది.

"నక్కో బేటా. ఎక్కువేస్తే గోష్త్ పిండైతది. నమల్నీకి ఏం ఉండదు."

ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజం. పపైన్‌కి ఎక్కడ ఆగాలో తెలియదు. పోగుల మధ్య బంధాన్నీ, పోగునీ తేడా లేకుండా కరిగించేస్తుంది. ఫ్రిజ్ చల్లదనంలో నెమ్మదిగా పనిచేస్తుంది, వేడి పెరిగే కొద్దీ ఊపందుకుంటుంది, ముక్క రాయి మీద పడి బాగా కాలాక దాని పని ముగుస్తుంది. బొప్పాయి పట్టించి రాత్రంతా ఉంచితే పైపొర జిగురై నోట్లో సున్నిపిండిలా తగులుతుంది. ఇంత పల్చటి ముక్కకి ఫ్రిజ్‌లో నాలుగు గంటలు చాలు.

గిన్నెలో ముందు ఉప్పు పడింది. తర్వాత అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిరపకాయల ముద్ద, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, వేయించి పొడిచేసిన షాజీరా, ఏలకులు, దాల్చినచెక్క. పసుపు లేదు, కారప్పొడి లేదు. ఈ వంటకి ఘాటు మిరియాలదీ పచ్చిమిర్చిదీ. చివర్లో ఖాలా చిన్న డబ్బా మూత తీసింది. ముక్కు దగ్గర పెట్టుకోండి. పైన బూడిద రంగులో, అడుగున నల్లగా ముడుచుకున్న రేకులు, పాత అడవి వాసన. అదే రాతిపువ్వు. నిజానికి పువ్వు కాదు, రాళ్ల మీద, చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్. పొడిగా అంతగా వాసన రాదు. కాస్త వేడి నెయ్యిలో పడిందంటే పొగ, మట్టి కలిసిన వాసన గదంతా నిండుతుంది. ఒక చెంచా గట్టి పెరుగు, ఒక నిమ్మచెక్క పిండి, ముక్కలన్నిటికీ వేళ్లతో రుద్దింది.

మసాలా ముక్క లోపలిదాకా ఇంకుతుందని చాలామంది అనుకుంటారు. ఉప్పు మాత్రమే ఇంకుతుంది, అదీ నెమ్మదిగా. వెల్లుల్లి, మిరియం, నిమ్మ పులుపు పైపైన కొద్ది మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. ఒకటిన్నర అంగుళాల మందం స్టేక్‌ని ఎన్ని గంటలు నానేసినా లోపల మాంసం రుచే ఉంటుంది, దాని అందం అదే. మన పసందా అలా కాదు. పావంగుళమే కాబట్టి అటూ ఇటూ పట్టిన మసాలా దాదాపు నడుమ కలుసుకుంటుంది.

సాయంత్రం డాబా మీదికి రండి. డిసెంబరు చలి అప్పుడే మొదలైంది. ఇటుకల మధ్య బొగ్గులు రాజుకుంటున్నాయి, పైన రెండంగుళాల మందం ఉన్న గ్రానైట్ రాతి పలక. పాలిష్ పట్టనిది, చేత్తో తడిమితే గరగరలాడేది. వంటింటి గట్టుకి వేసే మెరుగు పలక దీనికి పనికిరాదు. దానికి పట్టించే రసాయనాలు, జిగుర్లు అన్నానికి తగలకూడదు.

ఇక గంటసేపు ఆగాలి. గ్రానైట్ తొందరగా వేడెక్కదు. అందులో ఉన్న పలుగురాయి రవ్వలూ ఫెల్‌స్పార్ రవ్వలూ ఒకే వేడికి ఒకేలా సాగవు. ఒక్కసారిగా మంట పెడితే పలక చిట్లుతుంది. లోపల తడి ఉంటే ఆవిరి కట్టి రాతిముక్క ఎగిరి మీద పడుతుంది కూడా. అందుకే పలకని ముందురోజే ఎండలో ఆరబెట్టి, ముందు సన్నటి సెగ, తర్వాత పెద్ద సెగ. విసనకర్ర మీరు తీసుకోండి. తొందరపడి గట్టిగా విసరకండి.

డాబా మీంచి చూస్తే దూరాన మౌలాలి గుట్ట కనిపిస్తోంది. గోల్కొండ కోట నిలబడ్డ గుట్టా, బంజారాహిల్స్‌లో ఇళ్ల మధ్య మిగిలిన గుండ్లూ, ఈ గుట్టా అన్నీ ఒకే జాతి రాయి, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. రాయికి కొరత లేని ఊరిది. రాతి మీద మాంసం కాల్చే ఈ వంట ఇక్కడ పుట్టిందంటే ఆశ్చర్యం లేదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వేటకి వెళ్లినప్పుడు వంటవాళ్లు సీకులు మరిచిపోయారనీ, అక్కడున్న బండనే వేడిచేసి మాంసం కాల్చిపెట్టారనీ హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. 1869లో పసివాడిగా గద్దెనెక్కి 1911 దాకా ఏలిన మహబూబ్‌కి వేట అంటే ప్రాణం. ఆయన వేటల్ని రాజా దీన్‌దయాళ్ ఫొటోలు తీశాడు. ఈ కథ చెప్పేటప్పుడు ఖాలా నిజాం వెంట తానే వెళ్లొచ్చినట్టు చెబుతుంది. చెప్పనివ్వండి, రాయి కాగడానికి ఇంకా పావుగంట ఉంది.

ఆమె వేళ్లు తడిపి రాయి మీద నీళ్లు చిలకరించింది. చుయ్‌మని శబ్దం, చుక్క ఆనవాలు లేదు. సిద్ధం.

గిన్నెలోంచి ముక్క తీసి అంచుకి రాసి మసాలా గీకుతోంది. మంచి మసాలా వృథా పోతోందని మీకు అనిపించవచ్చు. కానీ తడి ఉన్నంతసేపూ ముక్క మీద వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా కాలిన ఆ రంగూ వాసనా రావాలంటే 140 దాటాలి. ముద్దలుముద్దలుగా మసాలా అంటిన ముక్క కాలదు, ఉడుకుతుంది.

రాయి మీద చెంచాడు నెయ్యి. అది సన్నటి పాయగా పల్లం వైపు పారింది. మొదటి ముక్క పడింది. శబ్దం వినండి. చిటపటలు కావు, ఎడతెగని గట్టి హోరు. రెండోది, మూడోది, నాలుగోది. ఇక చాలు. పదిముక్కలు పరిస్తే రాయి చల్లబడుతుంది, మాంసం నీరు వదులుతుంది, హోరు కాస్తా బుడగల చప్పుడైపోతుంది. కలిపిన మసాలా, కొన్న మాంసం అన్నీ ఆ ఒక్క ఆత్రంతో పాడవుతాయి.

ఇప్పుడు అట్లకాడ దూర్చబోతున్నారు మీరు. ఆగండి. ముక్క రాయిని గట్టిగా పట్టుకుని ఉంది. లాగితే అడుగు చిరిగి రాయికే ఉండిపోతుంది. అంచులు గోధుమరంగుకి తిరిగి, పైన సన్నగా రసం ఊరుతోంది. రెండు నిమిషాలు. ఇప్పుడు అట్లకాడ అంచు తగిలించి చూడండి. జారుతోంది కదా, అడుగున పెచ్చు కట్టగానే దానంతట అదే వదిలేసింది. తిప్పండి. ఎర్రటి గోధుమరంగు, అక్కడక్కడ నల్లటి మిరియాల మచ్చలు. రాతిపువ్వు పొగవాసన ఇప్పుడు లేచింది. రెండోవైపు అంతసేపు కూడా అక్కర్లేదు.

"తిను బేటా, వేడిమీద తిను. చల్లారినంక నాకు చెప్పకు బాగలేదని."

ప్లేటు కోసం వెతకొద్దు. జొన్నరొట్టె ముక్క చేతిలో పట్టుకుని ముక్కని అందులోకి తీసుకోండి. పైన నిమ్మరసం, ఉల్లి చక్రం ఒకటి. మొదట పంటికి పెచ్చు కరకరలాడుతుంది, తర్వాత ముక్క రెండుగా విడిపోతుంది. నలిగి ముద్దకాలేదు, నమలడానికి ఇంకా మాంసంగానే ఉంది. సరైన మెత్తదనమంటే ఇది. రుమాలీ రోటీతో తినేవాళ్లూ ఉన్నారు గాని, కాలిన మాంసానికి జొన్నరొట్టె మొరటుతనమే నాకు సరిజోడు అనిపిస్తుంది. రసం రొట్టెలోకి ఇంకి, ఆఖరి ముక్క రొట్టె ఉత్తిగా తిన్నా బాగుంటుంది.

అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకి డాబా ఉండదు, బొగ్గులకి ఒప్పుకోరు. అంతమాత్రాన ఈ వంట మానుకోనక్కర్లేదు. మందపాటి ఇనుప పెనం పొగలు వచ్చేదాకా కాల్చండి, కిటికీలు తెరవండి, ఒకసారికి మూడు ముక్కలకి మించి వేయకండి. రాతి మీద వచ్చే నిదానపు వేడి రాకపోవచ్చు, మెత్తదనం మాత్రం అలాగే వస్తుంది. కసాయి దగ్గర ఇంకో ఐదు నిమిషాలు నిలబడి, పోగులకి అడ్డంగా కోయించి, వెండిపొర తీయించుకుని రండి.