గడప, మెట్టు, చట్టము

ఇల్లు కట్టుకొనునప్పుడు అరుగు ఎత్తుగా ఉండవలెనని మన పెద్దలు కోరెడివారు. వాననీరు లోపలికి రాకుండుట ఒక ప్రయోజనము; ఇంటికి ఠీవి కలుగుట మరియొకటి. బడికిని, కచేరికిని, ఆసుపత్రికిని ఇదే పద్ధతి వచ్చినది. కాళ్లలో సత్తువ గలవారికి ఆ నాలుగు మెట్లు ఒక లెక్కలోనివి కావు. చక్రముల కుర్చీలో తిరుగువారికి మాత్రము అవి గోడతో సమానము. లోపల ఎంత గొప్ప వైద్యుడున్నను, ఎంత మంచి ఉపాధ్యాయుడున్నను, వాకిటనే నిలిచిపోయినవానికి ఆ మేలు అందదు.

ఈ గోడను తొలగించుటకు జరిగిన కృషి ప్రాచీనమైనది కాదు. సుమారు ఎనుబది సంవత్సరములది. ఆ చరిత్రను పరిశీలించినచో ఒక సంగతి మాకు స్పష్టముగా తోచుచున్నది. తగిన కొలతలు కనుగొనుటకు పట్టిన కాలము స్వల్పము. వాటిని పాటించి తీరవలెనని నిర్ణయించుటకు పట్టిన కాలము దీర్ఘము.

రెండవ ప్రపంచ యుద్ధము ముగియునప్పటికి వేలకొలది అమెరికా సైనికులు అవయవములు పోగొట్టుకొని ఇంటికి చేరిరి. మిచిగన్ రాష్ట్రములోని కలమజూ నగరమున జాక్ ఫిషర్ అను న్యాయవాది ఉండెను. ఆయనయు సైన్యములో పనిచేసి వికలాంగుడైనవాడే. వీధి మూలలయందు కాలిబాట అంచును వాలుగా దింపవలెనని ఆయన 1945లో నగర పాలకులను కోరెను. వారు కొన్ని మూలలయందు అట్లు చేయించి చూచిరి. 1948లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు గేల్స్‌బర్గు శాఖలో వికలాంగ విద్యార్థుల కొరకు తిమోతీ నుజెంట్ ఒక కార్యక్రమము ప్రారంభించెను. మరుసటి యేడే ఆ శాఖ మూతపడెను. విద్యార్థులును నుజెంటును పట్టు విడువక, ఆ కార్యక్రమమును అర్బానా-షాంపేన్ ప్రధాన విద్యాలయమునకు చేర్పించిరి.

ఆయన పర్యవేక్షణలో జరిగిన పరిశోధన ఫలితముగా 1961లో అమెరికా ప్రమాణముల సంస్థ ఒక చిన్న పుస్తకమును వెలువరించెను. ఒక అడుగు ఎత్తు ఎక్కుటకు వాలు దారి పొడవు పన్నెండడుగులకు తగ్గరాదు. ముప్పది అడుగులకొకసారి విశ్రమించుటకు సమతలమైన చోటు ఉండవలెను. తలుపు తెరచినప్పుడు ముప్పదిరెండు అంగుళముల ఖాళీ దొరకవలెను. చూచుటకు ఇవి చాల చిన్న మాటలు. కాని లెక్క వేసి చూతము. అరుగు రెండున్నర అడుగుల ఎత్తున్నచో ముప్పది అడుగుల వాలు దారి కావలెను. కట్టడము పూర్తియై, ప్రహరీగోడ లేచి, మిగిలిన జాగా వాహనములకు పోయిన తరువాత ఆ ముప్పది అడుగులు ఎక్కడినుండి వచ్చును? స్థలమును చదును చేయునాడే, పునాది గీత గీయునాడే దీనిని ఆలోచింపవలెను. అప్పుడు దానికగు వ్యయము స్వల్పము. తరువాత పగులగొట్టి కట్టుటకగు వ్యయము అధికము.

మెట్టు ఒక్కటే అడ్డంకి కాదు. కాలిబాట అంచును వాలుగా దింపినచో కుర్చీవారికి మేలు. కాని చేతికఱ్ఱతో ఆ అంచును తాకి తెలిసికొను అంధునికి బాట ఎక్కడ ముగిసినదో తెలియకపోవును. దీనికి ఉపాయము జపానులో దొరకినది. సెయిచి మియాకే కనిపెట్టిన బొడిపెల పలకలను 1967లో ఒకాయామా నగరమున అంధుల పాఠశాల సమీపమున మొదటిసారి పరచిరి. నేడు హైదరాబాదు మెట్రో స్టేషనులలో మన పాదములకు తగులుచున్న పసుపుపచ్చని గరుకు దారి ఆ పలకల సంతతియే.

కొలతలు సిద్ధమైనవి, ఉపాయములు దొరకినవి. అయినను 1961 నాటి ప్రమాణము సలహా మాత్రమే; ఇష్టమున్నవారు పాటించిరి, లేనివారు మానిరి. 1968లో అమెరికా కాంగ్రెసు చట్టము చేసి, కేంద్ర ప్రభుత్వ ధనముతో కట్టు భవనములకు దానిని విధి గావించెను. ఆ చట్టము కొరకు శ్రమించిన హ్యూ గాలఘర్ ఒక సెనేటరు వద్ద ఉద్యోగి. పోలియో వలన చక్రముల కుర్చీకి పరిమితమైనవాడు. ప్రభుత్వ ధనము పొందు సంస్థలు వికలాంగులపై వివక్ష చూపరాదని 1973లో మరియొక చట్టము వచ్చెను. కాని దాని నియమావళిపై సంతకము జరుగలేదు. 1977 ఏప్రిలులో జూడిత్ హ్యూమన్ మొదలైనవారు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ కార్యాలయమున ప్రవేశించి, మూడు వారములకు పైగా కదలక కూర్చుండిరి. సంతకము జరిగినది. దుకాణములు, సినిమా హాళ్లు మొదలైన ప్రైవేటు స్థలములకును ఆ విధి వర్తించుటకు 1990 వరకు వేచియుండవలసి వచ్చెను.

మన దేశమున 1995 నాటి చట్టము కాలిబాటల వాలును, ప్రభుత్వ భవనములకు వాలు దారులను పేర్కొన్నది. కాని ఆర్థిక శక్తికి లోబడి అను షరతు దానికి తోడుగా ఉండెను. ఆ చిన్న షరతు చాటున ఎన్నో కచేరీలు నిశ్చింతగా ఉండగలిగినవి. 2016 చట్టము ఇంకను దృఢమైనది. నియమములు పాటింపని నక్షాకు అనుమతి ఈయరాదు. పాటింపని భవనమునకు పూర్తయినట్లు ధ్రువపత్రము ఈయరాదు. పాత ప్రభుత్వ భవనములను సరిచేయుటకు, నియమావళి వెలువడిన నాటి నుండి అయిదేండ్ల గడువు ఇచ్చిరి. నియమావళి 2017లో వెలువడెను. ఆ అయిదేండ్లును 2022లో నిండినవి.

అయినను లోపమొకటి మిగిలినది. చట్టము గట్టిగా పలికినను, నియమావళి సూచించిన కొలతలు సిఫారసుల రూపముననే ఉండెను. అంధుడైన రాజీవ్ రతూరీ 2005లో వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2017లో ఆదేశములిచ్చెను. వాటి అమలును పరిశీలించుటకు హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమునకు అప్పగించెను. ఆ కేంద్రపు నివేదికను చూచిన పిమ్మట, 2024 నవంబరు 8న న్యాయస్థానము ఆ నియమము చట్టమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. తప్పక పాటింపవలసిన ప్రమాణములను మూడు నెలలలో రూపొందింపవలెనని కేంద్ర ప్రభుత్వమును ఆదేశించెను. అమెరికా 1968లో నేర్చిన పాఠమునే మన న్యాయస్థానము తిరిగి చెప్పవలసి వచ్చినది.

ఇది కొందరికి చేయు ఉపకారమని భావించుట పొరపాటు. మోకాళ్లు సహకరింపని అవ్వకు, నెలలు నిండిన గర్భిణికి, బరువు బండి త్రోయు కూలివానికి, కాలు విరిగి కట్టుతోనున్న యువకునికి ఆ వాలు దారియే దిక్కు. దీర్ఘాయువు కోరువారందరును ఎన్నడో ఒకనాడు దాని అవసరము పొందువారే. కనుక మన వీధిలో క్రొత్త బడికో, ఆసుపత్రికో కొలత త్రాడు పట్టునాడు, మెట్లు ఎన్ని అని మాత్రమే గాక, వాలు దారి ఎక్కడ అనియు అడుగుట మన విధి.