రూపాయి పొదుపు, ఊరి ఆరోగ్యం



కామారెడ్డి బెల్లం బజారు మీకు తెలిసినదే. ఎల్లారెడ్డి వైపు పోతే మంజీర మీద నిజాంసాగరం ఉన్నది. 1923లో పని మొదలుపెట్టి 1931లో ముగించినారు. రాయి మీద రాయి పేర్చితేనే ఆ కట్ట లేచినది. మన ఆడవాళ్ళు కూడా రూపాయి మీద రూపాయి పేర్చి ఒక కట్ట కట్టినారు. ఆ కథ వినండి.

పూర్వం ఇంట్లో జబ్బు చేస్తే ఏమయ్యేది? ముందు ఓర్చుకొనుట, ముదిరిన తరువాత షావుకారి గడప తొక్కుట. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్లే! రోగం తగ్గినా అప్పు తగ్గేది కాదు. గొడ్డో, గోదో అమ్ముడుపోయేది.

నారికురుపు పెద్దవాళ్ళకు జ్ఞాపకముండును. దిగుడుబావి నీళ్ళతో వచ్చేది. దానికి మందు లేదు, టీకా లేదు. నీళ్ళు గుడ్డతో వడగట్టి తాగుటే ఉపాయం. 1996 తరువాత మన దేశంలో అది కనబడలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట ధ్రువపరచినది. అయితే ఒక్క ఇల్లు వడగడితే చాలదు, ఊరంతా వడగట్టవలె. ఏ ఆరోగ్య సూత్రమైనా ఇంతే. మరి ఊరిని కలిపేదెవరు?

1982-83లో డ్వాక్రా సంఘాలు మొదలైనవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, చదువు నేర్చుకొంటున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడినారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చినది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకొక రూపాయి పొదుపుకు మళ్ళినది. 2000లో వచ్చిన వెలుగు పథకం, తరువాత ఇందిరా క్రాంతి పథమై రాష్ట్రమంతా పాకినది. మీరు వడ్లు అమ్ముకొనే ఐ.కె.పి. కేంద్రం పేరు అందులోంచి వచ్చినదే.

పదిమంది కూర్చుంటే పైసల లెక్కతో ఆగదు. బీడీలు చుట్టే అక్క దగ్గు, చెల్లె కాన్పు, బిడ్డ బరువు, అన్నీ మాటలోకి వస్తవి. చేతిలో సంఘం అప్పు ఉంటే ఆస్పత్రికి ముందే పోవచ్చు. అదీ ఆ కట్ట బలం!

కనుక వచ్చే కూటమిలో డబ్బు లెక్కపెట్టిన తరువాత మూడు ప్రశ్నలు అడగండి. గర్భిణి పరీక్షకు పోయినదా? రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నది? సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష ఉచితమే. నీళ్ళ ట్యాంకు కడిగి ఎన్నాళ్ళయినది? ఆశా కార్యకర్తను పక్కన కూర్చోబెట్టుకోండి. జవాబులు కూడా పుస్తకంలో రాసుకోండి. అప్పు ఖాతా వలె అదీ తీర్చవలసిన ఖాతాయే.