డ్యామ్ బరువుకే భూకంపం వస్తుందా? తార్నాక పక్కన దొరికిన జవాబు

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీని చూస్తే ఎవరికైనా వచ్చే డౌటే ఇది: ఇంత రాతి భవనం, కింద నేల కుంగదా? 1939లో ప్రారంభమైన ఆ గ్రానైటు కట్టడం కింద ఉన్నదీ గ్రానైటే. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ రాయికి ఈ బరువు ఒక లెక్కే కాదు.

మరి మనిషి కట్టినదాని వల్ల భూమి ఎప్పుడూ కదల్లేదా? కదిలింది. దాన్ని దశాబ్దాలుగా చదువుతున్నది తార్నాక పక్కనే, ఉప్పల్ రోడ్డులో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ. 1961లో పెట్టిన సంస్థ.

మహారాష్ట్రలో 103 మీటర్ల ఎత్తున కొయ్నా డ్యామ్ కట్టి, 1962 నాటికి నీళ్లు నింపడం మొదలుపెట్టారు. ఆ తర్వాత చిన్న చిన్న ప్రకంపనలు మొదలయ్యాయి. 1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. నిద్రలో ఉన్న ఊళ్లు కూలాయి, సుమారు 180 మంది చనిపోయారు. దక్కన్ గట్టి నేల, ఇక్కడ భూకంపాలు రావన్న ధీమా కూడా ఆ రోజే పోయింది.

అయితే నేరం నీటి బరువుదేనా? చిన్న లెక్క వేద్దాం. 100 మీటర్ల నీళ్లు వేసే అదనపు ఒత్తిడి సుమారు 10 వాతావరణ పీడనాలు. 5 కిలోమీటర్ల లోతులో పైనున్న రాయి ఒత్తిడే 1,300 పైచిలుకు. అంటే ఒక్క శాతం కూడా పెరగలేదు! అసలు పని పగుళ్లలోకి దిగిన నీళ్లది. పగులుకు రెండు వైపులా ఉన్న రాళ్లను ఒరిపిడే పట్టి ఉంచుతుంది. లోపల నీటి పీడనం పెరిగితే ఆ పట్టు సడలుతుంది. అప్పటికే జారడానికి సిద్ధంగా ఉన్న పగులైతే, అంతే, జారిపోతుంది.

ఎన్‌జీఆర్‌ఐకి చెందిన హర్ష్ గుప్తా, రస్తోగీ ప్రపంచంలోని ఇలాంటి జలాశయాలను పోల్చి చూసి, 1976లో పుస్తకం రాశారు. నీటిమట్టం ఎంత వేగంగా పెరిగింది, ఎంతవరకు వెళ్లింది, ఎన్నాళ్లు నిలిచింది అన్నవి ముఖ్యమని చూపారు.

మన నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలింది కూడా 1967లోనే, ఆగస్టు 4న. అది 124 మీటర్ల డ్యామ్, కొయ్నా కంటే ఎన్నో రెట్ల నీళ్లు. అక్కడ అలాంటి భూకంపం రాలేదు. తేడా నీళ్లలో లేదు, కింది రాయిలో ఉంది.

అందుకే డ్యామ్ ఎంత పెద్దదని అడిగితే సరిపోదు. కింద ఏ పగులు ఉంది, నీళ్లు నింపకముందే అక్కడ కొలిచే పరికరాలు పెట్టారా అని అడగాలి. ఆ ప్రశ్న ముందే అడిగితే ప్రాణాలు మిగులుతాయి.