సాయంత్రానికి పులిసే కల్లు, సముద్రం దాటిన బీరు

బస్తర్‌లో జగదల్‌పూర్ నుంచి సుక్మాకు వెళ్ళే దారిలో తోంగ్‌పాల్ అనే ఊరుంది. ఆ ప్రాంతపు పల్లెల్లో ఇళ్ళ పెరళ్ళలోనూ, చేల గట్లమీదా చేపతోకల్లాంటి ఆకులున్న ఎత్తైన తాటిజాతి చెట్టు కనిపిస్తుంది. దాని కల్లును అక్కడివారు సల్ఫీ అంటారు. మన మన్యంలో అదే జీలుగు. శాస్త్రనామం కార్యోటా యూరెన్స్. యూరెన్స్ అంటే లాటిన్‌లో మండించేది అని అర్థం. దీని పండ్ల గుజ్జు తగిలితే చర్మం మండుతుంది మరి!

జీలుగు ఏళ్ళ తరబడి పెరిగి, పూతకు వచ్చాకనే కల్లు ఇస్తుంది. గెలలు పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది. చివరి గెలతో చెట్టు ఆయువు తీరిపోతుంది. అందుకే గిరిజన కుటుంబానికి కల్లిచ్చే చెట్టు ఒక ఆస్తి.

తెల్లవారుతూనే దించిన కల్లు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ ఘాటెక్కుతుంది. సాయంత్రానికి పులుస్తుంది. ఎందుకిలా? గెల నుంచి కారే రసంలో ఉండేది ముఖ్యంగా చక్కెర. కుండలోనూ, గాలిలోనూ ఉన్న ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డై ఆక్సైడుగా మారుస్తుంది. నురగ అందువల్లనే. వెంటనే లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియా పని మొదలుపెడుతుంది. ఆ తర్వాత మరో రకం బాక్టీరియా ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌లోని పులుపుగా మార్చేస్తుంది.

ఇంగ్లండులో బార్లీతో కాచే ఏల్ అనే బీరుకూ ఇవే శత్రువులు. వేసవిలో కాస్తే చెడిపోయేది. కాబట్టి చల్లని నెలల్లోనే కాచేవారు. అక్టోబరులో కాచిన చిక్కటి బీరుకు ప్రత్యేకమైన పేరుండేది. 18వ శతాబ్ది చివర లండన్ దగ్గరి బో నుంచి హాడ్జ్‌సన్ అనే వ్యాపారి బీరు నెలల తరబడి ఓడ ప్రయాణం చేసి మన దేశానికి చేరేది. దాన్ని కాపాడింది ఆల్కహాలు ఒక్కటే కాదు, హాప్స్ అనే తీగమొక్క పూల చేదు కూడా. ఆ చేదు పదార్థాలు లాక్టిక్ బాక్టీరియాను ఎదగనివ్వవు. బీరు చెడిపోవడానికి సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చర్ 1876లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు.

నిలవ ఉండే సరుకును గిడ్డంగిలో పెట్టవచ్చు, కొలవవచ్చు, దుకాణంలో అమ్మి పన్ను వసూలు చేయవచ్చు. పొద్దున దించి సాయంత్రానికి పులిసే కల్లు మాటేమిటి? అది చెట్టు దగ్గర తాగవలసిందే. అయినా మద్రాసు ప్రభుత్వం ఆబ్కారీ నిబంధనలను కొండలమీదికి కూడా తెచ్చింది.

తోంగ్‌పాల్ మీదుగా సాగే ఆ రోడ్డే సుక్మా, కుంట దాటి చింతూరు చేరుతుంది. అక్కడినుంచి ఘాటీ ఎక్కి మారేడుమిల్లి దాటితే రంపచోడవరం. గోదావరి జిల్లాలోని ఈ రంప ప్రాంతంలో ఇంటి వాడకానికి కూడా కల్లు గీయరాదన్నారు. గీత హక్కును మైదానపు గుత్తేదార్లకిచ్చారు. వారు చిగురుపన్ను వసూలు చేశారు. దానిమీద మన్సబుదారు మొదలుపన్ను అనే మరో పన్ను వేశాడు. పోడు, అడవులమీద ఆంక్షలు, అధికారుల దోపిడీ అప్పటికే ఉన్నాయి. 1879 మార్చిలో రంప ఫితూరీ చెలరేగింది. కారం తమ్మన్నదొర వంటి నాయకుల వెంట గిరిజనులు నడిచారు. తిరుగుబాటు గొలుగొండ కొండలకూ, రేకపల్లికీ పాకింది. దాన్ని అణచడానికి ప్రభుత్వం సైన్యాన్ని దించవలసి వచ్చింది.

"కల్లు కోసం ఇంత గొడవా?" అని మీకు అనిపించవచ్చు. గొడవ మత్తు కోసం కాదు. తన పెరటి చెట్టు రసాన్ని తన ఇంట్లో తాగడానికి మైదానపు గుత్తేదారుకు పన్ను కట్టమంటే, ఆ చెట్టు ఎవరిదనే ప్రశ్న వస్తుంది.

ఈ ప్రశ్నకు చట్టంలో కొంత జవాబు దొరకడానికి 117 ఏళ్ళు పట్టింది. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం ప్రకారం, షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపానీయాల అమ్మకాన్నీ, వాడకాన్నీ నియంత్రించే అధికారం గ్రామసభలకూ, పంచాయతీలకూ ఇవ్వాలి. రంపచోడవరమూ, తోంగ్‌పాలూ రెండూ ఆ చట్టం పరిధిలోనివే.