తెగిపోయిన బాటలు

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాద్‌కు పునాది వేశాడు. మీర్ మొమిన్ అస్తరాబాదీ పథకం ప్రకారం ఊరి నడిబొడ్డున చార్మినార్ లేచింది, దాని నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు సాగాయి. బాటలకు గల్లీలు పుట్టాయి, గల్లీలకు సందులు. ఒక సందు మూసుకుపోయినా పక్క సందులోంచి చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్ చేరుకోవచ్చు. 1908లో మూసీ వరదకు ఇళ్లు వేలకు వేలు కొట్టుకుపోయాయి. ఆ నాలుగు దారులు మాత్రం నిలిచాయి.

వరదకు చెదరని ఆ అల్లిక నగరం పెరిగేకొద్దీ తెగిపోయింది. మణికొండ, నార్సింగి, తెల్లాపూర్ ఒకప్పుడు పొలాలు. రైతు తన సర్వే నంబరు వరకు అమ్ముకున్నాడు, కొన్నవాడు ఆ హద్దు వరకే వెంచర్ వేశాడు. రోడ్డు హద్దురాయి దగ్గర ఆగిపోయింది. అవతలి వెంచర్ రోడ్డు ఇంకెక్కడో మొదలైంది. మధ్యలో గోడ, గోడ మీద గాజుపెంకులు, మెయిన్ రోడ్డు వైపు ఒక్కటే గేటు. వెనక వీధికి వెళ్లాలన్నా అందరూ ఆ మెయిన్ రోడ్డే ఎక్కాలి. ఎన్ని ఫ్లైఓవర్లు కట్టినా ఆ రద్దీ తీరదు.

ఇందులో ఎక్కువ నష్టపోయింది నడిచేవాళ్లు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు తెల్లారగానే బస్తీలోంచి బయల్దేరతారు. ఎదురుగా కనిపించే అపార్ట్‌మెంటుకే గోడ పొడుగునా నడిచి, లారీలను తప్పించుకుంటూ చుట్టు తిరిగి పోవాలి. ఎక్కడైనా గోడకు కంత పడితే, రెండు ఇటుకలు మెట్టుగా పెట్టుకుని దాటుతారు. నాలుగు రోజులకు ఎవరో వచ్చి ఆ కంత పూడ్చేస్తారు. నా కడుపు మండేది ఇక్కడే.

158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దూరాలను దగ్గర చేసింది, నిజమే. దానికి ఆనుకుని ఉన్న ఊళ్లవాళ్లు మాత్రం అండర్‌పాస్ ఉన్నచోటికి వెళ్లి దాటాలి.

కొత్త వీధులు ఇలా ఒకదానికొకటి కలవకుండా పోవడం అమెరికాలో 1994 ప్రాంతంలో పతాకస్థాయికి చేరి, తర్వాత తగ్గిందని బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ అనే పరిశోధకులు తేల్చారు. ప్రపంచంలో చాలాచోట్ల ఇంకా పెరుగుతూనే ఉందని 2020లో చెప్పింది కూడా వాళ్లే. ఇల్లు కూలితే మళ్లీ కట్టుకోవచ్చు, ఒకసారి వేసిన వీధి తరాల పాటు మారదు.

2017లో ఏర్పడ్డ హైదరాబాద్ రోడ్ల అభివృద్ధి సంస్థ లింక్ రోడ్లు వేయడం మొదలుపెట్టింది. కొద్దిపాటి దూరానికే స్థలం సేకరించాలి, పరిహారం ఇవ్వాలి. ఊరి నక్షలో ఉన్న బండ్ల బాటలను లేఅవుట్లలో కలుపుకోనివ్వకుండా ఉంటే, ఈ లింక్ రోడ్లలో కొన్నయినా ఖర్చు లేకుండానే మిగిలి ఉండేవి.