అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్: సముద్ర చమురు అన్వేషణలో పాత్ర

1919లో ఏర్పడిన ఈ సంస్థ అమెరికా చమురు, సహజవాయు కంపెనీల సంఘం. డ్రిల్లింగ్ పైపుల మరల కొలతలు మొదలుకొని, బావి ఎగజిమ్మినప్పుడు దాన్ని మూసేసే బ్లోఅవుట్ ప్రివెంటర్ దాకా ఇది రాసిన ప్రమాణాలను ఎన్నో దేశాలు పాటిస్తున్నాయి. ఒక కంపెనీ పైపు మరో కంపెనీ రిగ్గుకు అతుకుతోందంటే ఆ ఘనత చాలావరకు దీనిదే. అయితే కంపెనీల తరఫున వాషింగ్టన్‌లో లాబీయింగ్ చేసేదీ ఇదే. ఈ రెండు పనులూ ఒకే గూటిలో ఇమడవు. సముద్ర బావుల భద్రతా నిర్వహణపై 1993లో సంఘం మంచి సిఫార్సులే ప్రచురించింది. కాని వాటిని పాటించడం కంపెనీల ఇష్టానికే మిగిలింది. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో మకాండో బావి పేలి, డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గుపై 11 మంది చనిపోయాకే, ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం వాటిని తప్పనిసరి చేసింది.

లోతు సముద్రంలో తవ్వే అనుభవం కంపెనీల దగ్గరే ఉంది, ప్రమాణాలు ఇంకెవరు రాయగలరు అన్నది సంఘం సమర్థకుల వాదన. అందులో నిజముంది. నిపుణులను పక్కనపెట్టి గుమాస్తాలు రాసిన నిబంధన ఎవరికీ మేలు చేయదు. కాని పరిజ్ఞానం ఇవ్వడం వేరు, తుది మాట తమదే కావడం వేరు. సభ్యుల మధ్య విస్తృత అంగీకారం కుదిరితేనే ప్రమాణం అన్నప్పుడు, అది వెనకబడిన సభ్యుడికి నచ్చే స్థాయికి దిగే ప్రమాదముంది. మకాండో పేలుడుపై అమెరికా అధ్యక్షుడు నియమించిన విచారణ సంఘం 2011లో ఇదే ఎత్తిచూపింది. త్రీమైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం తర్వాత 1979లో అణువిద్యుత్ కంపెనీలు పెట్టుకున్న స్వీయ తనిఖీ సంస్థను ఉదాహరణగా చూపి, చమురు రంగానికీ లాబీయింగ్‌తో సంబంధంలేని భద్రతా సంస్థ కావాలంది. పరిశ్రమ అదే ఏడాది సముద్ర భద్రతా కేంద్రాన్ని నెలకొల్పింది, అదీ ఇన్‌స్టిట్యూట్ పంచనే.